మూడో రౌండులో ఏమైంది?

అందరికీ నమస్కారం. ఇక్కడ సగం మంది కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న పిల్లలు, సగం మంది ఆరోగ్యం కోసం నడకకొచ్చే ఉద్యోగులు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడమన్నారు. దెబ్బ తిన్నప్పుడు ఇద్దరూ ఒకేలా ఆలోచిస్తారు కాబట్టి ఒప్పుకున్నాను.

ముందు పిల్లల సంగతి. సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాలు. మన కర్నూలు గ్రౌండుల్లో జరిగేదేమిటి? విజిల్ పడగానే గుంపుతో పాటు ఉరికి, మొదటి రౌండు నిమిషం ఇరవై సెకన్లలో కొట్టేస్తారు. మూడో రౌండుకి ఆయాసం, నాలుగోది సగం నడకే. టైం దాటిపోతుంది. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందంటారు, స్నేహితులు స్టామినా లేదంటారు, వాడు నావల్ల కాదులే అనుకుంటాడు. ఒక్కో రౌండు టైం కాగితం మీద రాసి ఉంటే, కొంప మునిగింది మొదటి రౌండులోనే అని తెలిసేది. వాడు మార్చుకోవాల్సింది ఆ ఒక్క రౌండునే.

ఇంకో రకం వాళ్లున్నారు. నోటిఫికేషన్ రాగానే పరుగు రెట్టింపు చేస్తారు. కొన్ని వారాలకే మోకాలి కింద, ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. ఊపిరి, కండరాలు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. నొప్పి వస్తే పరుగు తగ్గించండి. ఎముక మీద ఒక్కచోటే, వేలితో నొక్కితే ప్రాణం పోయేలా ఉంటే డాక్టరుకు చూపించండి. వీరత్వం చూపించే చోటు అది కాదు.

ఇక ఉద్యోగాలు. 1935 అక్టోబర్ 30న అమెరికాలో, ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వాళ్ల కొత్త బాంబర్, మోడల్ 299, పైకి లేచీ లేవగానే కూలిపోయింది. నడిపింది బాగా అనుభవమున్న పైలట్. నేల మీద నిలిపినప్పుడు విమానాన్ని తిప్పే కదిలే భాగాలు గాలికి ఊగకుండా వేసే తాళం తీయడం మరిచారు. పైలట్లు ఆ తర్వాత చేసిన పని చూడండి: చూసుకోవాల్సినవన్నీ ఒక చిన్న జాబితాగా రాసుకున్నారు. బి-17గా ఆ విమానం తర్వాత వేలల్లో తయారైంది.

మన ఆఫీసుల్లో? "ఎవరు చేశారు?" అని మీటింగు పెడతాం, పేరు తేలగానే లేచిపోతాం. సాయంత్రం క్యాష్ తేడా వస్తే క్యాషియర్ని తిట్టడం సులువు. తేడా ఏ రోజుల్లో వస్తోంది, రద్దీ రోజునా, భోజనానికి లేచి మనిషి మారినప్పుడా అని చూసేవాళ్లు తక్కువ. అంటే ఎవరినీ ఏమీ అనకూడదని నేను చెప్పడం లేదు. దొంగలెక్క రాసినవాడు వేరు, లెక్క తప్పినవాడు వేరు. ఇద్దరికీ ఒకే చీవాట్లు పడే చోట, రెండోవాడు కూడా తప్పు దాచడం నేర్చుకుంటాడు. నాకు తెలిసి ఆఫీసులకు ఎక్కువ నష్టం చేసేది అదే.

పిల్లలూ, రేపు పొద్దున ఇద్దరిద్దరుగా రండి. ఒకరు పరుగెత్తితే ఇంకొకరు వాచీ పట్టుకుని నాలుగు టైములూ రాయండి. ఎండ ముదరకముందే ముగించండి, నీళ్లు తెచ్చుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఏ కంపెనీ బూట్లు కొనాలి సార్ అని మాత్రం అడగొద్దు.