స్నోషూ అంటే బూటు కాదు

గుల్మార్గ్ వెళ్లొచ్చిన వాళ్లని ఎవరిని కదిపినా "మేమూ స్నోషూస్ వేసుకున్నాం" అంటారు. ఫొటో చూస్తే కాళ్లకి అద్దెకి తీసుకున్న రబ్బరు బూట్లు ఉంటాయి. అవి స్నో బూట్లు, తడీ చలీ తగలకుండా వేసుకునేవి. స్నోషూ వేరే వస్తువు, మెత్తటి మంచులో కాలు దిగిపోకుండా ఆ బూటు కింద కట్టుకునే వెడల్పాటి పలక లాంటిది. రెండూ ఒకటే అనేస్తుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే దాని వెనకున్న ఆలోచన నాకు అంత ఇష్టం.

మొన్న వానాకాలంలో శామీర్‌పేట దగ్గర ఓపెన్ లాన్‌లో పెళ్లి, ముందు రోజు రాత్రంతా వాన. మా పెద్దనాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోగానే నాలుగు కాళ్లూ మెల్లగా నేలలోకి దిగిపోయాయి. టెంట్ హౌస్ కుర్రాడొచ్చి ఒక ప్లైవుడ్ ముక్క పరిచి దాని మీద కుర్చీ వేశాడు, ఇక కదల్లేదు. పెద్దనాన్న బరువు తగ్గలేదు, బురద ఎండలేదు, బరువు పడే చోటు పెరిగింది, అంతే. ఆ ప్లైవుడ్ ముక్కే స్నోషూ.

(స్క్రీన్ మీద లెక్క)

75 కిలోల మనిషి ఒంటికాలి మీద ఉన్నాడు. బూటు అడుగు 250 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 300 గ్రాములు పడుతుంది. స్నోషూ 1,250 అనుకుంటే 60 గ్రాములే. పైగా కొత్తగా పడ్డ మంచులో తొంభై శాతం దాకా గాలే. స్టీలు గ్లాసు నిండా తీసుకుని కరిగించి చూశాం, అడుగున వేలెడు నీళ్లు కూడా మిగల్లేదు.

జనవరిలో నేనూ మా ఫ్రెండూ గుల్మార్గ్ నుంచి కొంగ్‌దూరి వైపు ఎక్కాం, సుమారు 2,650 మీటర్ల నుంచి 3,080 దాకా. దారిలో వాడు పట్టీ సర్దుకోవడానికి ఒక స్నోషూ విప్పి ఆ కాలు పక్కన పెట్టాడు, తొడ దాకా దిగిపోయింది. రెండో కాలు మాత్రం పైనే ఉంది. నేను ఆ రెండు గుంటలనే చూస్తున్నాను, ఒకటి బావిలా, ఒకటి పళ్లెంలా. "మామా, ముందు చెయ్యియ్యి, తర్వాత చూద్దువు" అన్నాడు.

మరి ప్లైవుడ్ కట్టుకుని నడిచేదెలా? మడమని కట్టరు, ముందు పాదం దగ్గరే బిగిస్తారు, అందుకే అడుగు వేసినప్పుడు స్నోషూ తోక, అంటే దాని వెనక భాగం, ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక్కి నడిస్తే ఆ తోకే మంచులో గుచ్చుకుంటుంది, కాబట్టి గుండ్రంగా తిరగండి. జారకుండా కింద ఇనప పళ్లుంటాయి. నిటారుగా ఎక్కేటప్పుడు మడమ కింద చిన్న కమ్మీ లేపుకుంటే పిక్కలు లాగవు. ముందు నడిచేవాడే మంచు తొక్కి దారి చేస్తాడు, వాడికే ఎక్కువ అలసట, అందుకే పది నిమిషాలకోసారి మేం మారాం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మంచు చరియలు ఎక్కువగా జారతాయి, స్నోషూ వాటిని ఆపదు, లోకల్ గైడ్ వద్దంటే వెనక్కి వచ్చేయండి. పెద్ద చెట్ల మొదళ్ల దగ్గర మంచు గుల్లగా ఉంటుంది, దూరంగా నడవండి. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిస్తే ఆరదు. నీళ్ల సీసా బ్యాగులో తలకిందులుగా పెట్టుకోండి, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర తాగడానికి నీళ్లు మిగులుతాయి.