బస్సు వచ్చేలోగా: బడి రోజుల దినచర్యను రాత్రి నుంచి మొదలుపెట్టడం ఎలా?

(దృశ్యం: గోడ గడియారంలో ఉదయం 7 గంటల 20 నిమిషాలు. ఒక కాలికే సాక్సు తొడుక్కున్న పిల్లవాడు సోఫాలో మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. చేతిలో దోసె ముక్కతో తల్లి ఎదురుగా నిలబడి ఉంది.)

నమస్కారం. సాధారణంగా జూన్ 12న బడులు తెరవగానే మన రెండు రాష్ట్రాల్లోని ఎన్నో ఇళ్ళలో ఈ దృశ్యం మొదలవుతుంది. మనం పిల్లవాడి బద్ధకాన్ని తిడతాము. ఇద్దరు పిల్లల తల్లిగా నేను గమనించినదేమిటంటే, ఉదయం మనకు చాలకుండా పోయే ఆ 40 నిమిషాలు నిజానికి ముందురోజు రాత్రే పోగొట్టుకున్నవి. అందువల్ల పిల్లల దినచర్యను ఈ వీడియోలో రాత్రి నుంచి మొదలుపెట్టి చూద్దాం.

(దృశ్యం: తెల్ల కాగితంపై చేత్తో వేస్తున్న లెక్క.)

రెండో తరగతి చదివే ఏడేళ్ళ పాప ఉదయం 7 గంటల 40 నిమిషాలకు బస్సు ఎక్కాలనుకుందాం. పళ్ళు తోముకోవడం, స్నానం, జడ, టిఫిను అన్నీ కలిపి దాదాపు గంటన్నర పడుతుంది కాబట్టి పాప 6 గంటల 15 నిమిషాలకల్లా లేవాలి; జడకే పావుగంట పోతుందని ఆడపిల్లల తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని, మూడు నుంచి అయిదేళ్ళ వారికి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. కనీసపు లెక్క వేసుకున్నా పాప రాత్రి 9 గంటల 15 నిమిషాలకు నిద్రలో ఉండాలి. చాలా ఇళ్ళలో అప్పటికి కంచాలు కూడా పెట్టరు.

చిక్కంతా ఇక్కడే ఉంది. హైదరాబాదు వంటి నగరంలో తండ్రి ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నరో తొమ్మిదో అవుతుంది. నాన్న వచ్చాకే తింటామని పిల్లలు కూర్చుంటారు, హాల్లో నానమ్మ సీరియల్ నడుస్తూ ఉంటుంది, అన్నం తిన్న తరువాత నాన్నతో ఆట మొదలవుతుంది. ఇందులో తప్పుపట్టవలసిన వారెవరూ లేరు, అందుకే దీన్ని మార్చడం కష్టం. మా ఇంట్లో పిల్లలకు ఏడున్నరకే అన్నం పెట్టి, నాన్నతో గడిపే సమయాన్ని ఉదయానికి మార్చాము. స్నానం చేయించడం, బూట్లు తొడగడం, బస్సు దాకా నడిపించి తీసుకెళ్ళడం ఆయన వంతు. మొదటి వారం పిల్లలు అలిగారు, ఆయన కూడా అలిగారు.

వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో డాబా మీద పదకొండింటి దాకా కబుర్లాడిన పిల్లలను జూన్ 11 రాత్రి ఉన్నట్టుండి ఎనిమిదిన్నరకు పడుకోబెట్టలేము, ఎందుకంటే శరీరంలోని గడియారం వెలుతురును అనుసరించి నెమ్మదిగా మాత్రమే జరుగుతుంది. రోజుకు పావుగంట చొప్పున జరిపితే పది రోజులు పడుతుంది. అంటే జూన్ 1నే మొదలుపెట్టాలి. లేవగానే బాల్కనీలో పది నిమిషాలు వెలుతురులో నిలబెట్టడం, పడుకునే ముందు గంటసేపు ఫోన్ దూరంగా ఉంచడం, రెండూ ఇందులో భాగాలే. రాత్రివేళ తెర వెలుతురు నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ విడుదలను ఆలస్యం చేస్తుంది.

(దృశ్యం: తూకం మీద పుస్తకాల సంచి.)

సంచి కూడా రాత్రి అన్నానికి ముందే సర్దించాలి, అదీ టైంటేబుల్ చూస్తూ పిల్లల చేతే సర్దించాలి. కేంద్ర ప్రభుత్వ పాఠశాల సంచి విధానం 2020 ప్రకారం సంచి బరువు పిల్లల శరీర బరువులో 10 శాతాన్ని మించకూడదు. 22 కిలోల పాపకు అది 2 కిలోల 200 గ్రాములు. లీటరు నీళ్ళ సీసా ఒక్కటే అందులో దాదాపు సగం. రెండో తరగతి దాకా హోంవర్కు ఇవ్వకూడదని కూడా అదే విధానంలో ఉంది, అయినా మన పిల్లల డైరీలు మరోలా ఉంటాయి. ఆ డైరీని మాత్రం సాయంత్రం ఆరుకే తెరవండి, చార్టు కాగితం అమ్మే దుకాణం రాత్రి పదింటికి తెరిచి ఉండదు.

డబ్బాలో పెరుగన్నం పెట్టేవారికి ఒక మాట. ఉదయం పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పిల్లలు డబ్బాను అలాగే తిరిగి తెస్తారు. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలిపి, వేడి తగ్గాక మూత పెడితే, అది భోజనం గంట కొట్టే వేళకు కమ్మగా తోడుకుంటుంది.

వానాకాలంలో సాక్సులు ఆరవు కనుక మూడు జతలైనా ఉంచుకోవాలి. ఆదివారాల్లో లేచే వేళ గంటకు మించి జారితే సోమవారం మళ్ళీ మొదటికి వస్తుంది.

(దృశ్యం: రాత్రి 8 గంటల 45 నిమిషాలు. సంచి తలుపు పక్కన ఉంది, దీపం ఆరింది. చీకట్లో పిల్లవాడి గొంతు: "అమ్మా, రేపు అయిదు రకాల ఆకులు తెమ్మన్నారు.")