దివాలా తీస్తే బ్యాంకు ఖాతా ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

అప్పులు తీర్చే దారి లేక దివాలా పిటిషన్ వేయాలనుకునేవాళ్లు ఇల్లు పోతుందేమో, పరువు పోతుందేమో అని బెంగపడతారు. బ్యాంకు ఖాతా సంగతి చాలామందికి తట్టదు. దెబ్బ మాత్రం ముందు అక్కడే తగులుతుంది. సరుకులన్నీ కౌంటర్ మీద పెట్టాక కార్డు పనిచేయదు. యాప్ తెరిస్తే డబ్బు కనిపిస్తూనే ఉంటుంది, తీయబోతే రాదు. అద్దెకు, కరెంటుకు పెట్టిన ఆటో డెబిట్లు ఒక్కొక్కటే తిరిగొస్తాయి.

బ్యాంకుకు మనమీద కక్షేమీ ఉండదు. కోర్టు దివాలా ఉత్తర్వు ఇచ్చాక మన ఆస్తి చాలావరకు ట్రస్టీ లేదా రిసీవర్ అధీనంలోకి, అంటే దాన్ని చూసుకుని అప్పిచ్చినవాళ్లకు పంచే వ్యక్తి చేతికి, వెళ్తుంది. ఖాతాలో ఉన్న నిల్వ కూడా ఆస్తే కదా! దాన్ని మన చేతికిచ్చేస్తే రేపు ట్రస్టీకి బ్యాంకే జవాబు చెప్పుకోవాలి. అందుకే విషయం తెలియగానే ఖాతా స్తంభింపజేస్తుంది.

అప్పు, జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే చిక్కు ఇంకా పెద్దది. తనకు రావలసిన బాకీ కింద మన నిల్వను సర్దుబాటు చేసుకునే హక్కు చాలాచోట్ల బ్యాంకుకు ఉంటుంది. అమెరికాలో దివాలా పిటిషన్ పడగానే వసూళ్లు ఆగిపోవాలి. అయినా ఆ సర్దుబాటుకు కోర్టు అనుమతి కోరుతూ, ఖాతాలో డబ్బును తాత్కాలికంగా ఆపి ఉంచడం తప్పు కాదని 1995లో స్ట్రంఫ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది జాయింట్ అకౌంట్ల విషయం. దివాలా భర్తది, ఆగిపోయేది భార్య జీతం కూడా. అందులో తన వాటా ఎంతో కాగితాలతో చూపించుకునే భారం ఆవిడ మీదే పడుతుంది.

కాబట్టి పిటిషన్ వేయకముందే లాయరుతో మాట్లాడి, అప్పు లేని వేరే బ్యాంకులో మామూలు ఖాతా తెరవండి. జీతం అందులో పడేట్టు చూసుకోండి. కొత్త ఖాతా వివరాలు పిటిషన్‌లో తప్పకుండా రాయాలి. ఉన్న డబ్బును తమ్ముడి ఖాతాలోకో స్నేహితుడి ఖాతాలోకో మళ్లించడం మాత్రం వద్దు. ట్రస్టీ దాన్ని వెనక్కి రప్పించగలరు, మీమీద కేసు కూడా పడవచ్చు.

కొన్ని దేశాలు ఈ కష్టాన్ని గుర్తించాయి. జర్మనీలో 2010 నుంచి ఖాతాను రక్షిత ఖాతాగా మార్చమని అడగొచ్చు. నెలకు నిర్ణీత మొత్తం దాకా జప్తు తగలదు. చట్టబద్ధంగా నివసించేవారికి కనీస సేవలున్న ఖాతా హక్కుగా దక్కాలని ఐరోపా సమాఖ్య 2014లో నిర్దేశించింది. ఇలాంటి ఏర్పాటు ప్రతిచోటా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఖాతా లేనివాడికి జీతమిచ్చేదెవరు?

ఖాతా ఇప్పటికే ఆగిపోయిందా? జీతం స్లిప్పు, అద్దె రసీదు, స్టేట్‌మెంట్లు పట్టుకుని ట్రస్టీని కలవండి. ఇంటి ఖర్చుకు ఎంత కావాలో రాసివ్వండి. డబ్బు విడుదల చేయమని ఆయన దగ్గర్నుంచి బ్యాంకుకు ఉత్తరం వెళ్లేదాకా, బ్రాంచి మేనేజరుతో ఎంత వాదించినా లాభం ఉండదు.