ఆబోతు తరవాత, ముందు దాని తల్లిని చూపించమనండి

ఆయ్, నమస్కారమండి. ముందుగా ఈ చప్పుడుకి ఏమీ అనుకోకండి. వెనకాల మా గౌరి కుడితి తొట్టిలో మూతి పెట్టింది. అది తల ఎత్తేదాకా ఆగుదామంటే ఇవాళ వీడియో అవ్వదు.

కనుమెళ్ళి పది రోజులైంది కదా. మొన్న పోటీల్లో ఒంగోలు ఆవుల విభాగంలో గౌరికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎందుకు రాలేదో నాకు తెలుసండి. డాక్టరుగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు, ముట్టె చూశారు, గంగడోలు పట్టుకుని చూశారు, తల ఊపారు. నేను లోపల పొంగిపోతున్నాను. అప్పుడు వెనక్కెళ్ళి నిలబడి, "ఓసారి నడిపించండి" అన్నారు. అంతే, అయిపోయింది. గౌరికి వెనక మోకాళ్ళు లోపలికి వాలి ఉంటాయండి. నిలబడితే తెలియదు, నడిస్తే ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు కనిపిస్తుంది. దసరాలకి పుట్టిన కోడెదూడకి కూడా అదే నడక వచ్చింది.

సరే, ఇప్పుడు అసలు సంగతి. గౌరి భోగి ముందురోజు ఎదకొచ్చింది, పోటీ హడావుడిలో వదిలేశాను. 21 రోజుల లెక్కన ఇంకో ఎనిమిది రోజుల్లో మళ్ళీ రావాలి. ఇప్పుడు కడితే సుమారు 285 రోజులు, అంటే కార్తీకంలో ఈనుతుంది. వచ్చే సంక్రాంతికి రెండు నెలల దూడతో బరిలో నిలబడుతుంది. తుఫాన్ల రోజులు కాబట్టి పాక అరుగు ఎత్తు చేయించాలి, అది నా బాధ. వరదల నెలల్లో లంకలో ఈనే కంటే అదే నయం.

మరి ఏ ఆబోతుకి దాటించాలి? నా ముందు మూడు దారులున్నాయి.

మొదటిది మీకందరికీ తెలిసిన రకం. పక్క మండలంలో పేరున్న ఆబోతు. మెడనిండా దండలు, ఫోన్లు తీసేవాళ్ళు చుట్టూ. మూపురం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. నిజం చెప్పాలంటే నేనూ ఫోటో దిగాను. దిగాక యజమానిని అడిగాను, "బాబాయ్, దీని తల్లి ఉందా?" అని. "తల్లితో నీకేం పనిరా, ఇటు మూపురం చూడు" అన్నాడు. "పోనీ దీని కూతుళ్ళు ఎక్కడున్నాయి బాబాయ్?" అన్నాను. కాస్త చిరాకుపడి ఒక ఊరి పేరు చెప్పాడు. వెళ్ళాను. మూడు ఆవులు చూశాను. మూడింటికీ చన్నులు సీసాల్లా లావుగా ఉన్నాయి, ఒకదానికి పొదుగు మోకాళ్ళ దాకా జారిపోయింది. దూడ నోటికి అందక పాపం ఆ ఇంటావిడ చేత్తో పట్టి తాగిస్తోంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారండి. ఆబోతుకి పొదుగు లేదు కదా, పొదుగు సంగతి ఆవుదే అనుకుంటారు. కూతురి పొదుగులో సగం వాటా తండ్రిదే. ఆ సగం ఎలా ఉందో ఆబోతు ఒంటిమీద కనపడదు, వాళ్ళమ్మ దగ్గరో కూతుళ్ళ దగ్గరో కనపడుతుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. సామెతలో కూడా మనవాళ్ళు ఆవునే చెప్పారు, ఆబోతుని చెప్పలేదు చూశారా. ఒంగోలు జాతి పాలకి కొట్టొచ్చినట్టు పేరున్నది కాదు, నిజమే. కానీ దూడ పెరగాలి కదండీ. పోటీలో నిలిచే దూడ మొదటి మూడు నెలలు తల్లి పొదుగు దగ్గరే తయారవుతుంది.

ఇంకోటి కూడా చూశాను ఆ ఆబోతులో. వెనక కాళ్ళు గుంజల్లా మరీ నిటారుగా ఉన్నాయి. మా బావమరిది, "మరి మీ గౌరి కాళ్ళు లోపలికున్నాయి, దీనివి నిటారుగా ఉన్నాయి, రెండూ కలిస్తే సరిపోతాయి కదా బావా" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. దూడ అనేది పులిహోర కాదుగా, పులుపు ఎక్కువైతే ఇంత ఉప్పు వేసి సరిచేయడానికి. వంకరకి ఎదురు వంకర మందు కాదు, సరైన కాలే మందు. ఒక దూడకి తల్లి నడక, ఇంకోదానికి తండ్రి కీళ్ళు వస్తే రెండు రకాల కుంటి దూడలు నా పాకలో ఉంటాయి.

కాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఒంగోలు వైపు నేల వేరు, మన కోనసీమ నేల వేరు. అక్కడ నేల గట్టిది, గిట్ట అరిగి గట్టిపడుతుంది. మన దగ్గర కాలవ గట్టు, వరి మడి, కొబ్బరితోట, ఎక్కడ కట్టినా తేమే. గిట్ట మెత్తబడి, విచ్చుకుని, సందుల్లో పుండు పడుతుంది. అందుకని ఆబోతుని చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను ముందు కింద కూర్చుంటానండి. నల్లటి గిట్ట, ఎడం లేని గిట్ట, నాలుగూ సమంగా అరిగిన గిట్ట. అది నచ్చితేనే పైకి లేచి మూపురం చూస్తాను. గిట్టల రంగు పోటీలో కూడా చూస్తారు. ముట్టె నల్లగా ఉండాలి, కనురెప్పల వెంట్రుకలు నల్లగా, కంటి చుట్టూ కాటుక గీసినట్టు నలుపు, తోక కుచ్చు నలుపు. ముట్టె గులాబీ రంగులో ఉన్నా, తోక కుచ్చు తెల్లగా ఉన్నా ఒంగోలుకి లోపం కిందే లెక్క. ఒళ్ళంతా పాల నురుగులా తెల్లగా ఉండి తోక కుచ్చు కూడా తెల్లగా ఉంటే, "అబ్బ ఎంత తెలుపో" అని మురిసిపోకండి.

సుడుల మాటేంటంటారా? ఒంటిమీద వెంట్రుకల సుడులు చూసేవాళ్ళు చూసుకోండి, కాదనను. అమ్మేటప్పుడు ధర సుడి మీద పడిపోతుంది, అది మార్కెట్టు. కానీ సుడిని బట్టి దూడకి కాళ్ళు వంకర తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

రెండో దారి మా ఊళ్ళోనే ఉంది. మంచి ఆబోతు, డబ్బులు కూడా అడగరు, చుట్టాలే. చిక్కేంటంటే, దాని తండ్రీ మన గౌరి తండ్రీ ఒకటే. "ఏముందిరా, పశువులకి వావివరసలా" అన్నాడు మా పెదనాన్న. మేనరికాలే వద్దని డాక్టర్లు మొత్తుకుంటున్నారు, ఇది మేనరికం కూడా కాదు పెదనాన్నా, ఒకే తండ్రి పిల్లలు అన్నాను. ఇలా పుట్టిన దూడలో సగటున 12.5 శాతం, అంటే ప్రతి ఎనిమిది జన్యువుల జతల్లో ఒకటి, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఆ ఒక్క తాతదే వస్తుంది. తండ్రికే కూతుర్ని దాటిస్తే అది 25 శాతం. ఆ తాతలో దాగున్న లోపం ఏదైనా ఉంటే అక్కడ బయటపడుతుంది. చూడి కట్టకపోవడం, దూడ నీరసంగా పుట్టడం ఇలాంటి చోటే మొదలవుతాయి.

మీకో సరదా సంగతి. బ్రెజిల్‌లో నెలోర్ అంటారే, అది మన జాతే. 1960ల మొదట్లో ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన కొన్ని ఆబోతుల వంశమే అక్కడ ఇప్పటికీ గట్టిగా కనిపిస్తుంది. వాటి పేర్లు వినండి: కరవాడి, తాజ్‌మహల్, గోధావరి. ఒంగోలు దగ్గర కరవది ఊరు, మన గోదావరి! అన్ని వేల మైళ్ళ అవతల వాళ్ళు నమోదు చేసిన దూడలకి తాతముత్తాతల దాకా పుస్తకంలో రాసుకుంటారు. మనం పక్క వీధి ఆబోతు తండ్రెవరో కనుక్కోం.

మూడోది స్ట్రా, అంటే ఆబోతు వీర్యం నింపి గడ్డకట్టించిన సన్నటి గొట్టం. ఆస్పత్రిలో సూది వేయించడం. రోగాల భయం లేదు, తల్లి పాల లెక్క ఉన్న ఆబోతు దొరుకుతుంది. దసరాల దూడ అలా పుట్టిందే. పెయ్యదూడే కావాలంటే లింగ నిర్ధారణ చేసిన స్ట్రాలు కూడా వస్తున్నాయి, నూటికి తొంభై దాకా పెయ్యలే. కాకపోతే మామూలు స్ట్రా అంత బాగా చూడి కట్టదు. ఏది వేయించినా స్ట్రా మీద ఆబోతు నంబరు ఉంటుంది, అది పారేయకుండా రాసుకోండి. లేకపోతే మూడేళ్ళ తరవాత దాని కూతురికి మళ్ళీ అదే నంబరు వేయిస్తారు.

నాకు మాత్రం ఈసారి కళ్ళతో చూసిన కాళ్ళు కావాలి. పైగా ఆబోతు గురించి సరిగ్గా కనుక్కోకుండా ఒకసారి దెబ్బతిన్నాను. గౌరి పెయ్యగా ఉన్నప్పుడు, తొలిచూలుకి, జిల్లాలోకెల్లా భారీ ఆబోతుకి దాటించాను. గొప్ప కోసం. ఈనే రాత్రి దూడ అడ్డం పడలేదు, సరిగ్గానే వచ్చింది, కానీ పెద్దది. తలా ముందు కాళ్ళూ వచ్చి ఆగిపోయింది. డాక్టరుగారు వచ్చి, తాళ్ళు వేసి, మేం నలుగురం పట్టుకుని... దూడ దక్కలేదండి. గౌరి పదిహేను రోజులు సరిగ్గా లేవలేదు. తప్పు నాదే. తొలిచూలు పెయ్యకి ఆబోతు బరువు కాదు చూడాల్సింది, దాని దూడలు ఎంత తేలిగ్గా పుడుతున్నాయో అడగాలి. నేను అడగలేదు.

అందుకే నాలుగో దారి వెతికాను. కోటిపల్లి అవతల ఒక రైతు దగ్గర ఉందండి. పోటీకి ఎప్పుడూ రాలేదు. మూపురం మధ్యస్తం, ఎవరూ ఫోటో తియ్యరు. కానీ తల్లి పక్కనే కట్టేసి ఉంది, ఏడో ఈత, పొదుగు ఇంకా పొట్టకి అతుక్కుని ఉంది. రెండు కూతుళ్ళని నడిపించి చూపించారు, వెనకనుంచి చూస్తే కాళ్ళు తిన్నగా పడుతున్నాయి. నేనే నోరు తెరిచి, "రక్తపరీక్ష చేయిద్దామండి, బ్రూసెల్లాకి" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "మా ఆబోతుకి రోగమంటారా?" అన్నారు. "మా ఆవుకి కూడా చేయిస్తానండి, రెండూ నా ఖర్చే" అన్నాను. ఆ జబ్బు ఉంటే ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతుంది, ఆ మాయ ముట్టుకున్న మనకీ అంటుకుంటుంది. పచ్చిపాలు తాగినా అంతే. చివరికి ఒప్పుకున్నారు. నిన్న రెండింటి ఫలితాలూ వచ్చాయి, బాగానే ఉన్నాయి.

ఇప్పుడు మిగిలింది గౌరిని గోదావరి రేవు దాటించడం. ఎదలో ఉన్న ఆవుని పంటు ఎక్కించొద్దు, రెండు రోజులు ముందే తెచ్చి మా పాకలో కట్టెయ్యండి అన్నారాయన. అదీ నిజమే. పొద్దున్న ఎద జిగురు తీగలు వేస్తే సాయంత్రం ఆబోతుకి కట్టాలి, ఆ పూట రేవులో పంటు కోసం చూస్తూ కూర్చోలేం. అందుకని మొన్న ఎదకొచ్చిన రోజు నుంచి పద్దెనిమిదో రోజున ముక్తేశ్వరం రేవుకి వెళ్తున్నాం. పలుపు కొత్తది కొన్నాను, రెండు మోపుల గడ్డి కట్టాను, తవుడు బస్తా బావమరిది మోస్తానన్నాడు, చూడాలి.

గౌరీ, చాలమ్మా. తొట్టి కూడా తినేస్తావా ఏంటి.