పేరు మార్చినా అతికే తిట్టు తిట్టే కాదు

నమస్తే అండీ. ఈరోజు తిట్ల గురించి మాట్లాడుకుందాం. బూతుల జోలికి పోవట్లేదు, ముందే చెప్తున్నా. తిట్టించుకున్నవాడు కూడా "అబ్బ, ఎంత మాటన్నాడ్రా" అని నవ్వేసి, పదిమందికీ తనే చెప్పుకునే తిట్లు ఉంటాయి చూడండి, వాటి గురించి. మన తెలుగులో అలాంటివి బోలెడున్నాయి. వాటిని వదిలేసి మనం రోస్ట్ వీడియోల పేరుతో ఏం చేస్తున్నామో చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తోంది, అందుకే ఈ వీడియో.

ముందు ఒక పద్యంతో మొదలుపెడతా. కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర శ్రీకాకుళం అని ఒక ఊరుంది. ఉత్తరాంధ్రలో ఉన్నది కాదు, ఇది కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి దేవుడు ఆంధ్ర మహావిష్ణువు. ఆయన మీద కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం అని సీస పద్యాల్లో ఒక శతకం చెప్పాడు. మామూలుగా భక్తుడు దేవుణ్ణి పొగుడుతాడు కదా, ఈయన మాత్రం ఎదురుగా నిలబెట్టి ఎత్తిపొడుస్తాడు. నిందాస్తుతి అంటారు దీన్ని.

అందులో ఒక పద్యం ఇలా మొదలవుతుంది: "ఆలు నిర్వాహకురాలు భూదేవియై అఖిల భారకుడన్న ఆఖ్య తెచ్చె". ఏమంటున్నాడంటే, స్వామీ, లోకాన్నంతా మోస్తున్నావని నీకు పేరు, కానీ మోస్తున్నది నీ పెళ్ళాం భూదేవి. అడిగిందల్లా ఇస్తావని పేరు, ఆ ఇచ్చే డబ్బు నీ ఇంకో పెళ్ళాం లక్ష్మీదేవిది. పెద్ద కుటుంబీకుడివని పేరు, ఆ సృష్టి అంతా చేసింది నీ కొడుకు బ్రహ్మ. పాపాలు కడుగుతావని పేరు, కడిగేది నీ కూతురు గంగ. ఇలా నాలుగు పాదాల్లో నలుగురి లెక్కా చెప్పి, సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో తేల్చేస్తాడు: "ఆండ్రు బిడ్డలు తెచ్చు ప్రఖ్యాతి గాని, మొదటి నుండియు నీవు దామోదరుడవె". పెళ్ళాలూ పిల్లలూ తెచ్చిపెట్టిన పేరే గానీ, నువ్వు మొదటి నుంచీ దామోదరుడివే కదయ్యా అని. యశోదమ్మ పొట్టకు తాడేసి రోటికి కట్టేసింది, అలా వచ్చిన పేరు అది. అంటే నీ సొంత ఆస్తి ఏదైనా ఉందా అంటే ఆ నడుముకున్న తాడొక్కటే!

ఇప్పుడు ఈ పద్యాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క చెడ్డ మాట లేదు. భూదేవి భార్య కావడం, లక్ష్మి భార్య కావడం, బ్రహ్మ కొడుకు కావడం, గంగ పాదాల దగ్గర పుట్టడం, ఇవన్నీ విష్ణువుని పొగడటానికి పురాణాలు వాడే విషయాలే. కవి చేసిందల్లా ఆ పేరు ఎవరి కష్టం వల్ల వచ్చిందో చూపించడమే. దాంతో మహావిష్ణువు కాస్తా, ఆవిడ సంపాదిస్తే అరుగు మీద కూర్చుని పెద్దమనిషిగా చలామణి అయ్యే మన వీధిలో ఆయన అయిపోయాడు. అలాంటి ఆయన్ని మనందరం చూశాం కదా, అందుకే వినగానే నవ్వొస్తుంది.

ఇక్కడ నేను ఒక పరీక్ష పెడతా. ఏ తిట్టు విన్నా అందులో పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చూడండి. పై పద్యం శివుడికి అతకదు. రాముడికీ అతకదు. ఆ ఒక్క విష్ణువుకే సరిపోయేలా కొలిచి కుట్టినట్టుంటుంది. అదే ఇప్పటి రోస్ట్ వీడియోల్లో చూడండి, "నీ మొహం", "నీ రంగు", "నీ అమ్మ", ఆ తర్వాత కులం. హీరో పేరు మార్చినా అదే తిట్టు, యాంకర్ పేరు మార్చినా అదే తిట్టు, పక్కింటి వాడికైనా అదే తిట్టు. ఎదుటి మనిషి గురించి ఒక్క విషయం కూడా తెలియకుండానే అనేయొచ్చు. బద్ధకం కాకపోతే ఏంటండీ ఇది? పైగా ఆ బద్ధకంలో ఆడవాళ్ళనీ, ఏ పాపం తెలియని వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ లాగుతారు. అది చూసి లక్షల మంది నవ్వుతున్నారంటే నాకు కోపమే వస్తుంది.

సరే, శ్రీనాథుడి దగ్గరికి వద్దాం. చాటువుల్లో, అంటే సందర్భాన్ని బట్టి అప్పటికప్పుడు చెప్పే విడి పద్యాల్లో, ఆయనకు సాటి ఎవరున్నారు! శ్రీనాథుడివని చెప్పుకునే చాటు పద్యాల్లో పల్నాడు మీద చెప్పినవి తెలుగువాళ్ళలో చాలామందికి నోటికి వచ్చు. సన్నబియ్యం, సుగంధాలు, రాజుల కొలువులు మరిగిన కవి వెళ్ళి ఆ రాళ్ళ నేలలో పడ్డాడు. నీళ్ళు దొరకలేదు. అప్పుడు చెప్పాడంటారు:

"సిరిగలవానికి చెల్లును
తరుణుల పదియారువేల తగ పెండ్లాడన్
తిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా గంగ విడువు పార్వతి చాలున్"

డబ్బున్న కృష్ణుడు పదహారు వేల మందిని చేసుకున్నా చెల్లుతుంది, అడుక్కుతినే నీకు ఇద్దరు పెళ్ళాలెందుకయ్యా, గంగని వదిలెయ్, పార్వతి చాలు. పైకి చూస్తే శివుణ్ణి బిచ్చగాడని ఎకసెక్కమాడుతున్నాడు. లోపలున్నది దాహం. గంగని వదలమంటే నీళ్ళు వదలమని! నాలుక ఎండిపోతున్నవాడు "నీళ్ళు ఇప్పించు స్వామీ" అని ఏడవకుండా, దేవుడి సంసారం చక్కబెట్టే పెద్దమనిషిలా సలహా ఇస్తున్నాడు చూడండి. నాకు ఈ పద్యం ఎప్పుడు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకో పద్యంలో ఏకంగా ఊరి మీదే పడ్డాడు. "రసికుడు పోవడు పల్నాడు" అని మొదలుపెట్టి, అక్కడికి వెళ్తే రంభ అయినా ఏకులు వడకాల్సిందే, రాజైనా నాగలి పట్టి దున్నాల్సిందే, మన్మథుడైనా జొన్నకూడే తినాల్సిందే అన్నాడు. అదే జొన్నకూటి మీద ఇంకోటుంది, అందులో కృష్ణుడికి సవాలు. పూతన దగ్గర విషం తాగానని, కార్చిచ్చు మింగానని అంత నిక్కుతావేంటి, చింతచిగురు వేసిన వేడి వేడి బచ్చలికూర కలిపి ఈ జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగు, నీ పస ఏంటో చూద్దాం అని! పల్నాడు భోజనం బాలేదని ఎవరైనా అంటారు. విషం మింగినవాడు కూడా ఈ ముద్ద దగ్గర ఆగిపోతాడు అనాలంటే శ్రీనాథుడే అనాలి.

ఇంత తిట్టినా పల్నాడు వాళ్ళు ఈ పద్యాలు దాచిపెట్టుకోలేదు, వాళ్ళే చెప్పుకుని నవ్వుకుంటారు. ఎందుకంటే ఆ తిట్టులో వాళ్ళ ఊరు ఉంది. వాళ్ళ రాయి, వాళ్ళ జొన్న, వాళ్ళ బచ్చలి, వాళ్ళ చింతచిగురు ఉన్నాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక కుడి కాలువ కింద ఆ ప్రాంతంలో వరి కూడా పండింది, శ్రీనాథుడు తిట్టిన పల్నాడు చాలావరకు మారిపోయింది. పద్యం మాత్రం అలాగే ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి, జొన్న తినేవాళ్ళని చూసి సన్నబియ్యం తినేవాడు నవ్వడం నాకు పూర్తిగా నచ్చదు. కానీ ఆయన ఆ తిట్టులో తనని కూడా పెట్టాడు. ఆ ముద్ద దిగక అవస్థ పడుతున్నది తనే. దూరంగా కూర్చుని రాయలేదు, అక్కడ ఆ కంచం ముందు కూర్చుని చెప్పాడు.

ఇక భద్రాచలం రామదాసు. అసలు పేరు కంచెర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో తహసీల్దారు, ఆ తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. సర్కారు శిస్తు సొమ్ము పెట్టి గుడి కట్టించాడని గోల్కొండ కోటలో బంధించారు. దెబ్బలు తింటూ ఆయన రాముణ్ణి తిట్టిన తిట్టు మనందరికీ తెలుసు, "ఇక్ష్వాకు కులతిలక" కీర్తన. దాన్ని భక్తితో పాడేసుకుంటాం గానీ, ఆ తిట్టు ఎలా కట్టాడో ఆగి చూడం. ఈసారి చూడండి. చుట్టూ ప్రాకారాలు చేయించా, పదివేల వరహాలు పట్టాయి. భరతుడికి పచ్చల పతకం చేయించా, పదివేల వరహాలు పట్టాయి. సీతమ్మకు చింతాకు పతకం చేయించా, దానికింత. ఏంటిది? జమాబందీ లెక్క! ఆయన రెవెన్యూ ఉద్యోగి కదా, కోపం వచ్చినప్పుడు కూడా నోటి నుంచి లెక్కే వచ్చింది. ఒక్కో నగ, దాని పక్కన దాని ఖర్చు, అన్నీ వరసగా చదివి వినిపించి, అప్పుడు అడుగుతాడు: కలికితురాయి పెట్టుకుని కులుకుతూ తిరుగుతున్నావే, ఎవరబ్బ సొమ్మని? మీ నాన్న దశరథ మహారాజు పెట్టాడా, మీ మామ జనక మహారాజు పంపాడా?

ఆ చివరి ప్రశ్న ఎంత పదునుగా ఉందో గమనించారా? రాజకుమారుణ్ణి పట్టుకుని తండ్రి పెట్టాడా, మామ పంపాడా అని అడగడం. మన ఇళ్ళల్లో అల్లుళ్ళని అనే మాట అది. దేవుడు కాస్తా అత్తారింటి సొమ్ముతో షోకులు చేసే అల్లుడైపోయాడు. ఆ వెంటనే గోపన్నే అంటాడు, అబ్బా, తిట్టానని ఆయాసపడొద్దు రామచంద్రా, ఈ దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానయ్యా అని. తిట్టినవాడే బుజ్జగిస్తున్నాడు. ఎంత దగ్గరి మనిషి అనుకుంటే అలా తిట్టి అలా బుజ్జగిస్తాం చెప్పండి! ఆ నగలు ఇప్పటికీ భద్రాచలం గుడిలో ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు చింతాకు పతకం చూసి రండి, పాటలో లెక్క గుర్తొస్తుంది.

అయితే చమత్కారం ఉంటే చాలా, ఏదైనా గొప్ప తిట్టు అయిపోతుందా అంటే నేను ఒప్పుకోను. 18వ శతాబ్దంలో విజయనగరం వైపు అడిదము సూరకవి అని చాలా గట్టి కవి ఉన్నాడు. పూసపాటి విజయరామరాజుని పొగుడుతూ ఆయన చెప్పిన పద్యం ఒకటుంది. రాజు అని పేరున్న వాళ్ళందరినీ వరసగా ఏకేస్తాడు. చంద్రుడికి మచ్చ, మన్మథుడికి ఒళ్ళే లేదు, శివుడికి బట్ట లేదు, మృగరాజు గుహలో ఉంటాడు, మా విజయరామరాజే రాజు గానీ వీళ్ళూ రాజులేనా, "పెను తరాజులు గాక" అంటాడు. తరాజు అంటే త్రాసు. విద్య చూస్తే మతిపోతుంది, అందులో సందేహం లేదు. కానీ ఎదురుగా సింహాసనం మీద ఉన్నాయన్ని సంతోషపెట్టడానికి, అక్కడ లేని వాళ్ళని తిట్టడం అది. చంద్రుడు వచ్చి గొడవ పెట్టుకోడు. గోపన్న తిట్టులో ఉన్న తెగువ ఇందులో లేదు. అదే సూరకవి సొంత కొడుకు బాచన్న మీద, బూచుల్లోకెల్లా బాచన్నే పెద్ద బూచి అని పళ్ళతో సహా ఎకసెక్కమాడిన పద్యం కూడా చెప్పుకుంటారు. పద్యం బాగుంది, వినగానే నవ్వొస్తుంది. కానీ పిల్లవాడి రూపాన్ని వాడి తండ్రే అనడం, అదీ వందల ఏళ్ళు నిలిచిపోయేలా అనడం, నాకైతే మింగుడుపడదు.

కవుల సంగతి అలా ఉంచండి, మామూలు జనం దగ్గర ఈ విద్య ఇంకా బాగుంటుంది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నది ఎవరో, పేరు కూడా తెలియదు. నాలుగైదు మాటల్లో ఖాళీ కుండ, వాసనొచ్చే మీసం, ఆ మనిషి నడక, అన్నీ కనిపిస్తాయి. గోదావరి జిల్లాల వెటకారం సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ తిట్టు పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. ఏడాది క్రితం చేబదులు తీసుకుని కనపడకుండా తిరుగుతున్న మనిషి సంతలో ఎదురుపడితే, "అయ్య బాబోయ్, తమరు తిరిగి ఇవ్వడమేంటండీ, మా డబ్బు తమరి జేబులో ఉండటమే మాకు గౌరవం కదండీ" అంటారు. పక్కనున్న నలుగురికీ విషయం తెలిసిపోయింది, అవతలివాడికి కోప్పడటానికి ఒక్క ముక్క దొరకదు. సాయంత్రానికి డబ్బులొచ్చేస్తాయి!

అన్నిటికన్నా నాకు ఇష్టమైనవి పెళ్ళిళ్ళలో బువ్వం బంతి దగ్గర పాడే పాటలు. వధూవరుల్ని కూర్చోబెట్టి రెండు వైపుల వాళ్ళూ భోజనం చేస్తుంటే, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఒకరి మీద ఒకరు పాటలు అందుకుంటారు. వియ్యపురాలు ఎన్ని గారెలు తిన్నది, ఆడపడుచు నడక ఎలా ఉంది, వియ్యంకుడి పొట్ట ఆకు మీదికి ఎలా వచ్చింది, అన్నీ పాటలోకి వచ్చేస్తాయి. అక్కడ చదువు రాని ముసలమ్మ కూడా ఎదురుగా ఉన్న మనిషిని చూసి అప్పటికప్పుడు చరణం మార్చి కడుతుంది. పాటతో అంటే పాటతోనే బదులివ్వాలి, అలిగి లేచిపోతే ఓడిపోయినట్టే. నిన్నటి దాకా ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాలు ఒకళ్ళనొకళ్ళు అంతసేపు గమనించుకుని, అనుకుని, అనిపించుకుని, నవ్వుకుని లేస్తాయి.

ఇప్పుడు బఫేలు వచ్చాక బంతి పోయింది, డీజే వచ్చాక పాట వినపడే వీలే లేదు. ఆ పాటలు వచ్చినవాళ్ళు చాలామంది పెద్దవాళ్ళైపోయారు. మీ ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో ఎవరికైనా వియ్యాలవారి పాటలు వస్తే, ఈ వారంలోనే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ ఊరు, ఎవరి పెళ్ళిలో ఎవరి మీద పాడారో కూడా అడిగి రాసి పెట్టుకోండి, అది లేకపోతే పాటలో సగం అర్థం కాదు. వాళ్ళు ఒప్పుకుంటేనే నాకు పంపండి. వచ్చినవన్నీ కలిపి ఒక వీడియో చేస్తాను, పాట కింద అర్థంతో సహా. ఉంటానండీ.