11 ఏళ్లు ఆగిన ఫిల్మ్ పేటెంట్

అధ్యాపకులకు, విద్యార్థులకు, ఫొటోగ్రఫీ మీద ఇష్టంతో వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఫిల్మ్ రోల్ ఎవరు కనిపెట్టారని అడిగితే ఎక్కువమంది జార్జ్ ఈస్ట్‌మన్ పేరే చెబుతారు. కోడక్ కంపెనీని నిలబెట్టినవాడు, కెమెరాను మామూలు జనం చేతికి అందించినవాడు. ఆయన గొప్పతనాన్ని తగ్గించాలని నాకు లేదు. అయితే చుట్టగా చుట్టగలిగే పారదర్శక ఫిల్మ్ కోసం ఆయన కంపెనీ కంటే దాదాపు రెండేళ్ల ముందే పేటెంట్ దరఖాస్తు పెట్టిన మనిషి ఒకరున్నారు. పేరు హానిబల్ గుడ్‌విన్. చర్చిలో ఫాదర్. ఊరు అమెరికాలోని నెవార్క్. న్యూజెర్సీకి వెళ్లే మన తెలుగువాళ్లు చాలామంది ఆ ఊరి విమానాశ్రయంలోనే దిగుతారు. ఆయన నివసించిన ప్లూమ్ హౌస్ ఇప్పటికీ అక్కడే ఉంది.

గుడ్‌విన్ తన చర్చిలో పిల్లలకు బైబిల్ కథలను బొమ్మలతో చెప్పాలనుకున్నారు. అప్పట్లో ఫొటో అంటే గాజు పలక. బరువు ఎక్కువ, చెయ్యి జారితే ముక్కలే. 1888లో వచ్చిన మొదటి కోడక్ కెమెరాలో కూడా కాగితం మీద వెలుగు తగిలితే మారే పూత పూసిన రోల్ ఉండేది. ఫొటోలు తీశాక ఆ పూతను కాగితం మీద నుంచి ఒలిచి పారదర్శకమైన ఆధారం మీదికి ఎక్కించాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు, అందుకే కెమెరాను అలాగే ఫ్యాక్టరీకి పంపేవారు. కావలసింది గాజులా పారదర్శకంగా, కాగితంలా వంగే పదార్థం.

సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్ అప్పటికే ఉంది. దాన్ని తయారుచేసే హయాట్ సోదరుల కంపెనీ కూడా నెవార్క్‌లోనే ఉండేది. ఫిలడెల్ఫియాలో జాన్ కార్బట్ 1888లో సెల్యులాయిడ్ రేకుల మీద ఫొటో పూత పూసి అమ్మారు కూడా. అయితే అవి మందం. దిమ్మ నుంచి చెక్కి తీసిన రేకులు కాబట్టి చుట్టడానికి పనికిరావు.

గుడ్‌విన్ దారి వేరు. సెల్యులాయిడ్‌కు మూలమైన నైట్రోసెల్యులోజ్‌ను ద్రవంలో కరిగించి, నున్నటి తలం మీద పల్చగా పోసి ఆరనిస్తే పొర మిగులుతుంది. వినడానికి తేలిగ్గానే ఉంది. చేస్తే పొర తెల్లగా మసకబారుతుంది. కారణం తేమ. ద్రవం ఆవిరయ్యేటప్పుడు నీటి అంశ పొరలో చిక్కుకుంటే పారదర్శకత పోతుంది. అసలు కీలకం ఇక్కడుంది. నైట్రోసెల్యులోజ్‌ను కరిగించడానికి ఆయన నైట్రోబెంజోల్ లాంటి, తేమను పీల్చని ద్రావకం ఎంచుకున్నారు. పల్చన చేయడానికి ఆల్కహాల్ కలిపారు. ఆల్కహాల్ ముందు ఎగిరిపోతుంది, తనతో ఉన్న నీటినీ తీసుకుపోతుంది. తేమ పీల్చని ద్రావకం చివరిదాకా ఉండి నెమ్మదిగా ఆరుతుంది. మిగిలేది మచ్చలేని పొర. ఏ ద్రవం ముందు పోవాలి, ఏది చివర పోవాలి అన్న ఈ క్రమాన్ని పట్టుకోవడమే ఆయన ప్రతిభ. కెమిస్ట్రీ విద్యార్థులు ఆ పేటెంట్‌ను ఒక్కసారి తప్పకుండా చదవాలని నా కోరిక.

ఆయన 1887 మే 2న దరఖాస్తు పెట్టారు. పేటెంట్ ఆఫీసు అభ్యంతరాలు చెప్పింది. ఆయన సవరించారు. మళ్లీ అభ్యంతరం, మళ్లీ సవరణ. ఈలోగా ఈస్ట్‌మన్ దగ్గర పనిచేసే యువ రసాయన శాస్త్రవేత్త హెన్రీ రైకెన్‌బాక్ 1889 ఏప్రిల్‌లో తన దరఖాస్తు వేశారు. ఆయన మిశ్రమంలో కర్పూరం, ఫ్యూజెల్ ఆయిల్, ఎమైల్ ఎసిటేట్ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్ 10న ఆయనకు పేటెంట్ వచ్చేసింది. ఒకరికి ఎనిమిది నెలలు, ఇంకొకరికి 11 ఏళ్లు. గుడ్‌విన్ చేతికి పేటెంట్ అందింది 1898 సెప్టెంబర్ 13న.

ఆ 11 ఏళ్లలో ఏం జరిగిందో చూడండి. ఈస్ట్‌మన్ పొడవాటి గాజు బల్లల మీద ద్రావణం పోయించి ఫిల్మ్ తయారుచేశారు, ప్రపంచమంతా అమ్మారు. నెవార్క్‌కు దగ్గర్లోనే ఉన్న ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసే డిక్సన్ ఆ ఫిల్మ్‌నే తెప్పించుకుని, 35 మిల్లీమీటర్ల వెడల్పున కోసి, అంచుల్లో రంధ్రాలు పెట్టి కదిలే బొమ్మలు తీశారు. సినిమా పుట్టింది. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన మన రఘుపతి వెంకయ్య గారు తర్వాత ఊరూరా తిరిగి చూపించిన బొమ్మలూ ఈ రకం ఫిల్మ్ మీదివే. ఇది నైట్రేట్ ఫిల్మ్, ఇట్టే అంటుకుంటుంది, నిల్వ ఉంచితే పాడైపోతుంది. మన తొలినాటి మూకీ చిత్రాల్లో చాలావరకు మిగలకపోవడానికి అదొక పెద్ద కారణం.

గుడ్‌విన్ సొంతంగా కంపెనీ పెట్టి తయారీ మొదలుపెట్టబోయారు. 1900లో వీధి ట్రాము దగ్గర జరిగిన ప్రమాదంలో గాయపడ్డారు. ఆ ఏడాది డిసెంబర్ 31న చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 78. పేటెంట్ హక్కు తర్వాత ఆన్స్కోగా మారిన కంపెనీ చేతికి వెళ్లింది. 1902లో ఈస్ట్‌మన్ మీద కేసు వేశారు. 1913లో జడ్జి హేజెల్ గుడ్‌విన్ పేటెంట్ వైపే తీర్పు చెప్పారు. 1914లో పై కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

న్యాయం గెలిచిందని చప్పట్లు కొట్టి ఊరుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో రెండు విషయాలు బాధ కలిగిస్తాయి. గుడ్‌విన్ చూడకుండానే పోయారన్నది మొదటిది. ఆ 11 ఏళ్లూ ఆయన దరఖాస్తు లోకానికి కనిపించలేదన్నది రెండోది. అప్పటి అమెరికా చట్టంలో పేటెంట్ మంజూరయ్యేదాకా దరఖాస్తు రహస్యం. పైగా 17 ఏళ్ల గడువు మంజూరైన రోజు నుంచి లెక్క. అందుకే అంత ఆలస్యమైనా ఆయన హక్కు 1915 దాకా బతికింది. మన దేశంలో ఇప్పుడు గడువు 20 ఏళ్లు, అదీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచే. 11 ఏళ్లు నలిగితే చేతిలో మిగిలేది తొమ్మిదేళ్లే. అయితే 18 నెలలు దాటాక దరఖాస్తు ప్రచురితమవుతుంది, ఎవరైనా చదవొచ్చు. దరఖాస్తుదారుకు గడువు కరిగిపోతుంది, లోకానికి జ్ఞానం త్వరగా అందుతుంది. పేటెంట్ అసలు ఒప్పందమే అది: నీ రహస్యం మొత్తం రాసి చెప్పు, కొంతకాలం నీకే హక్కు ఇస్తాం. రెండో సగాన్ని మనం బాగా గుర్తుపెట్టుకుంటాం. మొదటి సగాన్ని, అంటే రాసి చెప్పడాన్ని, చదవడాన్ని, మన కాలేజీల్లో దాదాపు వదిలేశాం.

అలా చదవదగ్గ పేటెంట్ ఒకటి మీ జేబుల్లోనే ఉంది. కెమెరా సెన్సర్‌కు రంగు తెలియదు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. కోడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు ఫిల్టర్ పెట్టమన్నారు. సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. వెలుగు వివరాలను మన కన్ను ఆకుపచ్చ ప్రాంతంలోనే బాగా పట్టుకుంటుంది కాబట్టి దానికి ఎక్కువ వాటా. లేని రెండు రంగులనూ పక్క పిక్సెళ్లను చూసి లెక్కగడతారు. 1976లో పేటెంట్ వచ్చింది. నేటి ఫోన్ కెమెరాల్లో చాలావరకు ఆ అమరికో, దాని రూపాంతరమో ఉంటుంది. అదే కంపెనీలో స్టీవెన్ సాసన్ 1975లో డిజిటల్ కెమెరా చేసి చూపించారు. నిలువుకు 100, అడ్డానికి 100 చుక్కల చిత్రం, క్యాసెట్ టేపు మీద ఎక్కడానికి 23 సెకన్లు. ఇన్ని పేటెంట్లున్న కోడక్ కూడా పోలరాయిడ్ కంపెనీ ఇన్‌స్టంట్ కెమెరా పేటెంట్ల కేసులో ఓడి, 1986లో ఆ వ్యాపారమే మూసేసింది. 1991లో 92.5 కోట్ల డాలర్లు కట్టింది.

చివరిగా ఇక్కడి ప్రాజెక్టుల గురించి. దరఖాస్తు పెట్టకముందే మీ పరికరాన్ని ఎక్స్‌పోలో చూపించడం, వీడియో తీసి పెట్టడం చేయకండి. మన చట్టంలో మినహాయింపులు చాలా పరిమితం, కొత్తదనం పోయిందంటే పేటెంట్ రాదు. పని పూర్తికాకపోయినా ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే తాత్కాలిక వివరణ పత్రం, వేసి తేదీ కాపాడుకోవచ్చు, 12 నెలల్లో పూర్తి పత్రం ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై పేటెంట్ ఆఫీసే, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. ఇమేజ్ ప్రాసెసింగ్ చేసేవాళ్లు మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె) చదవండి. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ ఇవ్వరు, సాంకేతికంగా ఏం మారిందో చూపాలి. ఏం చేశారో, ఎందుకు పనిచేస్తుందో మొదటి కాగితంలోనే వివరంగా రాయండి. తర్వాతి సవరణల్లో కొత్త విషయం చేర్చనివ్వరు.

ఈ అమెరికా పేటెంట్ నంబర్లు రాసుకోండి: గుడ్‌విన్‌ది 610861, రైకెన్‌బాక్‌ది 417202, బేయర్‌ది 3971065, సాసన్‌ది 4131919. నాలుగూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరు ఏ ద్రావకం గురించి ఏం రాశారో పోల్చి చూడండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.