చెక్ ట్రే లేని మేత

(కోత పండుగ సాయంకాలం కూడికలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అమ్మలకు, పిల్లలకు వందనాలు.

"నీ ఆహారమును నీళ్లమీద వేయుము, చాలా దినములైన తరువాత అది నీకు కనబడును." బైబిల్లో ప్రసంగి గ్రంథం, పదకొండో అధ్యాయం, మొదటి మాట. పట్నంలో అయితే దీన్ని వివరించడానికే అరగంట పట్టేది. ఈ అల్లూరు, విడవలూరు వైపు ఆ బాధ లేదు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగంమంది పొద్దున్నే రొయ్యల చెరువు నీళ్ల మీద మేత చల్లి వచ్చినవాళ్లే.

మేత చల్లాక మనం ఏం చేస్తాం? చెక్ ట్రేలో, అంటే మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో, గుప్పెడు వేసి నీళ్లలోకి దించుతాం. రెండు గంటలాగి పైకి లాగుతాం. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని చూస్తాం. మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాం. తెలివైన పనే, మేత బస్తా రేటు అలాంటిది మరి. ప్రసంగి చెప్పే చెరువులో మాత్రం చెక్ ట్రే లేదు. "చాలా దినములు" అన్నాడు కానీ ఎన్నో చెప్పలేదు.

ఇది ఓడ వర్తకం గురించిన మాట అని కొందరు పండితులు అంటారు. దానధర్మం గురించే అని యూదుల పాత వ్యాఖ్యానాలు. నేను ఈ రెండో వైపే. తర్వాతి వచనం చూడండి: "ఏడుగురికిని ఎనమండుగురికిని భాగము పంచిపెట్టుము, భూమిమీద ఏమి కీడు జరుగునో నీవెరుగవు." మనమైతే ఏమంటాం? రేపెలా ఉంటుందో ఏమో, నాలుగు రాళ్లు వెనకేసుకో అంటాం. ఆయన అదే "ఏమో"ని పట్టుకుని పంచమంటున్నాడు. నవంబరులో వాయుగుండం పడితే తెగేది నా గట్టో, పక్కవాడి గట్టో నాకు తెలియదు. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు ముందు ఎవరి చెరువులో దిగుతుందో అంతకన్నా తెలియదు. తెలిస్తే అది పంచడం కాదు, లెక్క.

నాలుగో వచనం నన్నే పొడుస్తుంది: "గాలిని గురుతు పట్టువాడు విత్తడు." ఒకసారి మా వీధిలో ఒకతను కూతురి ఫీజు కోసం చేబదులు అడిగాడు. వర్షం ముంచుకొస్తోంది, రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దాం అన్నాను. ఫోన్‌లో మబ్బుల బొమ్మ కూడా చూపించాను. ఆ వర్షం అటు మద్రాసు వైపు వెళ్లిపోయింది. అతను మళ్లీ అడగలేదు.

మన పక్కనున్న ఒంగోలు మిషన్ కథలో అందరూ 1878 జూలై 3 గురించి చెబుతారు, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అని. నాకు దానికి ముందు జరిగింది ఎక్కువ ఇష్టం. 1876లో మొదలైన కరువులో ఆ మిషన్ నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని, కూలి ఇచ్చారు. ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం ఎవరూ విశ్వాసంలోకి రాకూడదని. ట్రే పైకి లాగి చూడకపోవడం అంటే అదీ.

బైబిల్లో, కరువులో ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెట్టిన సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ఏరుతున్నది రెండు పుల్లలు. మా అమ్మ ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు. ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న పాత డాల్డా డబ్బాలో వేసేది, అంతే. ఇంట్లో అప్పులవాళ్లు కూర్చున్న రోజున కూడా పిడికిలి చిన్నది చేయడం నేను చూడలేదు. నెలాఖరుకు ఆ బియ్యం గుడికి వెళ్లేది, అక్కడినుంచి ఎవరింటికో.

అమ్మ పోయాక డబ్బా నా దగ్గరికొచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు కుక్కరు, దానికో ప్లాస్టిక్ గ్లాసు. పోయిన వారం ఈ ప్రసంగం రాసుకుంటూ అటక మీంచి డబ్బా దించాను. మూత తుప్పు పట్టి ఊడిరాలేదు, స్క్రూడ్రైవరు పెట్టి తీయాల్సి వచ్చింది. లోపల అడుగున ఏడెనిమిది గింజలు, పురుగు పట్టి. మా ఆవిడ చూసి డబ్బా తీసుకుని, బూడిద వేసి తోమి, ఎండలో బోర్లించింది.